సైజో సాకే పండగలో నా నోరు జారిన కథ

రాత్రి పదింటికి ఇల్లు చేరాను. పిక్కలు ఇంకా లాగుతున్నాయి. తలనొప్పి లేదు, అది నా గొప్ప. సిగ్గు మాత్రం దిగలేదు. అది ఆరిపోకముందే రాసేస్తున్నాను.

నేను ఉండేది హిరోషిమా పక్కన హిగాషి హిరోషిమాలో, యూనివర్సిటీలో పోస్ట్‌డాక్. మా ఊరి స్టేషన్ పేరు సైజో. స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే ఎర్ర ఇటుక చిమ్నీలు కనిపిస్తాయి, ఒక్కోదాని మీద ఒక్కో సాకే కంపెనీ పేరు. సాకే అంటే బియ్యం పులియబెట్టి చేసే జపాన్ మందు. నడిచి తిరిగేంత దూరంలోనే అలాంటి కంపెనీలు ఏడు ఉన్నాయి. 1990 నుంచి ఏటా అక్టోబరులో ఇక్కడ రెండు రోజులు సాకే మత్సురి, అంటే సాకే పండగ. మూడేళ్లుగా ఇక్కడే ఉంటూ ఒక్కసారీ వెళ్లలేదు. మా ఇంట్లో మందు మాటెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోతారు. ఆ భయం ఆరు వేల కిలోమీటర్లు దాటినా పోలేదు. ఈసారి ల్యాబ్‌లో సీనియర్, భీమవరం అన్న, "చదువుకున్నవాడివి, ఊళ్లో జాతరకి వెళ్లకపోతే ఎలారా" అని లాక్కెళ్లాడు.

టికెట్ ముందుగా కొన్నాం. కొనడానికి కన్వీనియన్స్ స్టోర్ మెషిన్ దగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. పేరు కతకనాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో కొట్టాలి. మన ఇంటిపేరు, అసలు పేరు, దాని తోక అన్నీ కలిపి ఆ గడిలో పట్టవు. మూడుసార్లు మొదటికొచ్చింది. చివరికి నా పేరు సగానికి నరికి టికెట్ తీసుకున్నాను. మీరు వెళ్లేటట్టయితే పేరు ముందే ఇంట్లో కుదించుకుని వెళ్లండి.

పార్కులో దేశంలోని అన్ని ప్రాంతాల సాకేలూ పెడతారు. చిన్న కప్పు చేతిలో పట్టుకుని తిరగడమే. బాగుంది, అంతకంటే చెప్పేదేం లేదు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. కప్పు చిన్నదని మోసపోవద్దు, సాకేలో ఆల్కహాల్ పదిహేను, పదహారు శాతం ఉంటుంది. ప్రతి కప్పుకీ మధ్య మంచినీళ్లు తాగాలి, ఆ నీళ్లకి కూడా వీళ్లు ఒక పేరు పెట్టుకున్నారు, యవరగి మిజు అని. నేను బిషునబె కూడా తిన్నాను. చికెన్, పంది మాంసం, కూరలు సాకేలో ఉడికించి ఉప్పు, మిరియాలు వేస్తారు. సాకే కంపెనీల పనివాళ్లు తినే వంట అది. కారం లేదు, అయినా రెండోసారి వడ్డించుకున్నాను.

అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది. పార్కు నుంచి బయటికొచ్చి ఒక కురా పెరట్లోకి వెళ్లాం. కురా అంటే సాకే తయారయ్యే చోటు. పేరు చెప్పను, వాళ్ల తప్పేం లేదు. గుమ్మానికి దేవదారు ఆకుల గుండ్రటి బంతి వేలాడుతోంది. కొత్త సాకే వచ్చినప్పుడు పచ్చగా కడతారు, అక్టోబరుకి గోధుమరంగుకి తిరిగిపోయింది. లోపల తయారుచేసేవాళ్లే నిలబడి పోస్తున్నారు. తెల్ల కప్పు అడుగున నీలం రంగు వలయాలు రెండు, సాకే తేటగా ఉందో లేదో చూసుకోవడానికి.

పోస్తున్న పెద్దాయన నీలం చొక్కాలో, అరవై దాటిన మనిషి. నెమ్మదిగా చెబుతున్నాడు, అన్న నాకు తెలుగులో అందిస్తున్నాడు. తాటికల్లు సంగతి వేరురా, గీసినప్పుడే అందులో తీపి ఉంటుంది, అదే పులుస్తుంది. బియ్యంలో తీపి లేదు, పిండి ఉంది. అందుకని ఉడికిన అన్నం మీద కోజి అనే బూజు పెంచుతారు. అది పిండిని చక్కెర చేస్తుంటే, అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది. రెండు పనులూ ఒకేసారి. సాకేని ఊరికే "బియ్యం వైన్" అని రాసేసేవాళ్లకి ఈ సంగతి తెలియదని నాకు అప్పుడే చిన్న గర్వం వచ్చింది. ఆ గర్వమే కొంప ముంచింది.

ఆయన పోసినది నోట్లో పెట్టుకున్నాను. ఒక్క క్షణం మా అమ్మమ్మ వంటింట్లో ఉన్నాను. తరవాణి కుండ మూత తీస్తే వచ్చే వాసన! పులుపు, అన్నం, చల్లదనం. ఆయన "ఎలా ఉంది?" అని నన్నే అడిగాడు. చుట్టూ పదిమంది. పులిసిన అన్నంలా ఉంది, అద్భుతం అని చెబుదామనుకున్నాను. పులవడానికి జపనీస్‌లో నాకు మాట రాదు. ఇక్కడి భాషా క్లాసులో ఆరు నెలలు స్టేషన్‌కి దారి అడగడమే నేర్పారు. తెలిసిన మాటల్లో దగ్గరిది వెతికి, గట్టిగా, నవ్వుతూ అన్నాను: "కుసత్తా గొహాన్!"

అంటే కుళ్లిన అన్నం.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ తన కప్పు మూతి దగ్గరి నుంచి దించింది. పెద్దాయన మొహంలో రంగు పోయింది. ఆయన సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు, ఇంకో కప్పులో పోసుకుని వాసన చూశాడు. అన్న గుసగుసగా "ఏం కూశావురా" అన్నాడు. నేను దిద్దుకుందామని మళ్లీ నోరు తెరిచాను. "కాదు కాదు, మా అమ్మ కుళ్లిన అన్నం రోజూ పెడుతుంది, మాకు చాలా ఇష్టం."

ఇక చెప్పేదేముంది.

తర్వాత అన్న చెప్పాడు. సాకే చేసేవాళ్లకి పీడకల హియోచి అట. ఆల్కహాల్‌లో కూడా బతికే బ్యాక్టీరియా పడి సాకే తెల్లగా మబ్బుపట్టి, పుల్లబడి, కంపు కొడుతుంది. తొట్టికి తొట్టి పారబోయాల్సిందే. పాతకాలంలో దాంతో కుటుంబాలు దివాలా తీశాయి. సాకేని అరవై, అరవై అయిదు డిగ్రీల దాకా వేడిచేసేది ఆ భయంతోనే. తయారీ రోజుల్లో పనివాళ్లు నత్తో, అంటే పులిసిన సోయాగింజలు కూడా ముట్టరట, అందులోని వేరే బ్యాక్టీరియా లోపలికి వచ్చి కోజిని పాడుచేస్తుందని. అలాంటి మనిషి ముందు, ఆయన పెరట్లో, నేను కుళ్లింది అన్నాను. ఇంకో విషయం, కోజితో చేసే ఈ పద్ధతిని 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పోస్టరు నా వెనకే ఉంది.

కాపాడింది అన్నే. ఆయనది బయాలజీ. "న్యూసన్‌కిన్" అన్నాడు, అంటే లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా. కుండ, గంజి, పులుపు అని చేతులతో చూపించాడు. పెద్దాయన కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత "హక్కో" అన్నాడు. పులవడం. నా చేత రెండుసార్లు పలికించాడు, ఎక్కాలు అప్పజెప్పించినట్టు. ఆ పదిమందీ అప్పుడు నవ్వారు. నేను తాగినది కిమోతో రకమట. అందులో లాక్టిక్ యాసిడ్ బయటి నుంచి పోయరు, బ్యాక్టీరియా దానంతటదే పెరిగి పుల్లబరచాలి, ఈస్ట్ వంతు ఆ తర్వాతే. నా నాలుక తప్పు చెప్పలేదు, భాషే తప్పింది. ఇది నా సమర్థింపు అనుకున్నా సరే.

ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎన్ని రోజులు? మట్టికుండా? ఉప్పు వేస్తారా? ఎండాకాలం ఎలా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. ముప్పై ఏళ్లు తిన్నాను గానీ కుండలో ఏముందో చూడలేదు. మొదటి తప్పు కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

ఒక సీసా కొన్నాను. పండగకి సైకిలు మీద వెళ్లకండి. నేను వెళ్లాను. 2024 నవంబరు నుంచి తాగి సైకిలు తొక్కినా మూడేళ్ల దాకా జైలు లేదా అయిదు లక్షల యెన్ల జరిమానా. అందుకని చీకట్లో సైకిలు తోసుకుంటూ, బుట్టలో సీసాతో, ఇంటిదాకా నడిచాను. దారిలో అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, తరవాణికి ఎన్ని రోజులు పడుతుంది?"

"మూడు రోజులు. దబ్బాకు వెయ్యడం మర్చిపోకు. అక్కడ కుండ ఎక్కడ దొరికిందిరా నీకు?"

"నాకు కాదమ్మా. ఇక్కడ ఒక పెద్దాయన అడిగాడు."

"ఏం పని చేస్తాడాయన?"

"అన్నం పులియబెడతాడు."

"పాపం, మంచివాడు" అంది అమ్మ.