కెర్నల్ కోడ్‌కి నా మొదటి టెస్ట్

నిన్న రాత్రి కొర్లగుంటలో మా రూములో కూర్చుని, నేను లినక్స్ కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ప్రధాన భాగం) రాస్తున్న డ్రైవర్‌లోని రింగ్ బఫర్‌కి, అంటే చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి నింపే మెమరీకి, మొదటి యూనిట్ టెస్ట్ (ఒక చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే కోడ్) రాశాను. ఇన్నాళ్లూ మాడ్యూల్ లోడ్ చేయడం, లాగ్ చూడడం, ఎక్కడో పాయింటర్ తప్పి మెషిన్ బిగుసుకుపోతే మళ్లీ బూట్ చేయడం, ఇదే పని.

2020 జనవరిలో వచ్చిన లినక్స్ 5.5 నుంచి, ఇలాంటి టెస్టులు రాయడానికి కేయూనిట్ అనే ఫ్రేమ్‌వర్క్ కెర్నల్‌లోనే ఉంది. దాని పైథాన్ స్క్రిప్ట్‌ని రన్ చేస్తే, మామూలుగా యూజర్ మోడ్ లినక్స్‌గా కెర్నల్‌ని బిల్డ్ చేసి ఒక సాధారణ ప్రోగ్రాంలా నడిపిస్తుంది, కాబట్టి వేరే మెషిన్ అక్కర్లేదు, నా పాత లాప్‌టాప్‌కి అదే పెద్ద ఊరట.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. టెస్టులో ఫలితం సరిగ్గా ఉందా అని ఎక్స్‌పెక్ట్‌తో గానీ అసర్ట్‌తో గానీ చూడొచ్చు: ఎక్స్‌పెక్ట్ ఫెయిలైనా టెస్ట్ ముందుకు సాగుతుంది, అసర్ట్ ఫెయిలైతే ఆ టెస్ట్ కేసు అక్కడే ఆగిపోతుంది. అందుకే మెమరీ దొరికిందా లేదా అనేది అసర్ట్‌తోనే చూడండి, లేకపోతే తర్వాతి లైన్లో నల్ పాయింటర్‌ని (ఏ మెమరీనీ చూపని పాయింటర్) తాకి క్రాష్ అవుతుంది.

హార్డ్‌వేర్ రిజిస్టర్లు చదివే కోడ్‌ని ఇలా పరీక్షించడం కష్టం. లెక్కలు చేసే భాగాన్ని విడిగా ఫంక్షన్లుగా తీసి, ముందు వాటికి రాయండి. నేను బఫర్ ఖాళీగా, నిండుగా, చివరి నుంచి మొదటికి తిరిగేటప్పుడు అని మూడు కేసులు రాశాను. రెండోది ఫెయిలైంది: నిండిన తర్వాత కూడా ఒక బైటు ఎక్కువ రాస్తోంది.