తిన్నగా లేని గీతలు

మునిసిపల్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. గీత కాస్త వంకరపోతే షీటు చింపించే ఓవర్సీరు దగ్గర పని నేర్చుకున్నాను. అలాంటి నన్ను మా అబ్బాయి మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్ తీసుకెళ్ళి, కావాలని వంకరగా గీసిన గోడ ముందు నిలబెట్టాడు.

మాస్ మోకా. ఒకప్పటి బట్టల అద్దకం మిల్లులో పెట్టిన మ్యూజియం. అందులో ఒక బిల్డింగు మూడంతస్తులూ సోల్ లెవిట్ గోడబొమ్మలే, మొత్తం 105. ఎలా గీయాలో సూచన రాసిచ్చి, వేరేవాళ్ళ చేత కూడా గోడల మీద గీయించిన అమెరికన్ కళాకారుడాయన. 2008లో తెరిచారు, 2043 దాకా ఉంచుతారట. పైన రంగులు కళ్ళు జిగేల్‌మనిపిస్తాయి. నాకు మాత్రం పెన్సిల్ పని ఉన్న కింది అంతస్తే నచ్చింది.

46వ నంబరు దగ్గర నన్ను కదిలించడం మావాడి వల్ల కాలేదు. లెవిట్ ఇచ్చిన సూచన ఇంతే: నిలువు గీతలు, తిన్నగా ఉండకూడదు, ఒకదాన్నొకటి తాకకూడదు, గోడంతా సమంగా పరుచుకోవాలి. దూరం నుంచి వట్టి బూడిదరంగు గోడ. మూరెడు దూరంలో నిలబడితే, బిగువు తగ్గిన పడుగు దారాల్లా సన్నటి గీతలు. ఒకటి పక్కకి ఒరిగితే దాని పొరుగుది చోటిచ్చి తప్పుకుంటుంది. టీ స్క్వేరు ఆనించి తిన్నటి గీత ఎవడైనా లాగుతాడు. ఇది చేత్తో లాగాలి! లాగుతున్నంతసేపూ పెన్సిల్ని వేళ్ళ మధ్య తిప్పుతుండాలి, లేకపోతే ములుకు ఒకవైపే అరిగి గీత లావెక్కిపోతుంది. అక్కడక్కడా లావెక్కింది కూడా, చూశాను.

ఇది 1970 మే నాటిది. లెవిట్ స్నేహితురాలు, శిల్పి ఈవా హెస్ 34 ఏళ్ళకే మెదడులో కణితితో పోయింది. అప్పటిదాకా అన్నీ తిన్నటి గీతలే గీసిన మనిషి, ఆమె కోసం మొదటిసారి గీతని వంగనిచ్చాడు. మొదట పారిస్‌లో ఒక గ్యాలరీ గోడ మీద వేశాడు. ఆలోచనే కళని తయారుచేసే యంత్రమని 1967లో రాసిన మనిషి ఈయనే. ఆ మాట నాకంతగా ఎక్కలేదు గానీ, ఈ గోడ ఎక్కింది.

“ఇక్కడ గీసింది ఆయన కాదుగా నాన్నా, మరి ఆయన బొమ్మెలా అయింది?” అన్నాడు మావాడు. మా ప్లాన్లూ అంతే కదరా అన్నాను. ఆలోచన ఇంజనీరుది, చెయ్యి మాది. కాకపోతే షీటు మూల ‘డ్రాన్ బై’ అని ఒక గడి ఉండేది, అందులో మా పొడి అక్షరాలు పడేవి. లెవిట్ బొమ్మల రికార్డుల్లోనూ మొదట గీసినవాళ్ళ పేర్లు రాసిపెట్టారు. అది చూసి ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆయన 2007లోనే పోయారు. ఈ గోడలన్నీ సుమారు 65 మంది చిత్రకారులూ విద్యార్థులూ కలిసి దాదాపు ఆరు నెలలు గీశారట. వాళ్ళలో మా పాలిటెక్నిక్ వాడు ఒక్కడున్నా పెన్సిళ్ళ ఖర్చు సగం మిగిలేదన్నాను. మావాడు పార్కింగ్ టైమైపోతోందన్నాడు.