వేరు పారిన విశ్వాసం

"కావున మీరు ప్రభువైన క్రీస్తుయేసును అంగీకరించిన విధముగా ఆయనయందు వేరుపారినవారై, యింటివలె కట్టబడుచు, మీరు నేర్చుకొన్న ప్రకారముగా విశ్వాసమందు స్థిరపరచబడుచు, కృతజ్ఞతాస్తుతులు చెల్లించుటయందు విస్తరించుచు, ఆయనయందుండి నడుచుకొనుడి." (కొలొస్సయులకు 2:6-7)

పౌలు ఈ పత్రిక రాసేటప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. ఎవరికి రాస్తున్నాడో ఆ సంఘంవాళ్లు ఆయన ముఖం కూడా చూసినవాళ్లు కాదు. కొలొస్సయిలో సువార్త చెప్పింది ఎపఫ్రా. ఆయన ఆ ఊరివాడే. "మీరు నేర్చుకొన్న ప్రకారముగా" అన్నప్పుడు పౌలు మనసులో ఉన్నది ఎపఫ్రా నేర్పిన సంగతులే. కొలొస్సయిలో అప్పటికే కొత్త కొత్త బోధలు తిరుగుతున్నాయి. వాటికి పోటీగా పౌలు ఇంకో కొత్త బోధ తేలేదు. మీ ఊరివాడు మీకు నేర్పినదానిలోనే లోతుకు దిగండి అన్నాడు. పత్రిక చివర, ఆ ఎపఫ్రా మీకోసం ప్రార్థనలో పోరాడుతున్నాడని కూడా గుర్తుచేశాడు. ఈ ఒక్క సంగతి నన్ను చాలా ఆదరిస్తుంది. మనం ఈ రోజు నిలబడి ఉన్నామంటే మన వెనక ఎవరో అలా మోకాళ్ల మీద ఉన్నారన్న మాట.

మన చిత్తూరు, తిరుపతి వైపు సంఘాలు వేరు పారింది కూడా ఇలాగే. 1853లో అమెరికా మిషనరీల ఆర్కాటు మిషన్ మొదలయ్యేనాటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, ఊరు ఉత్తర ఆర్కాటు కింద ఉండేది. జిల్లా ఏర్పడింది 1911లో. ఇటు తిరుపతి వైపు పనిచేసింది జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్. వాళ్లు 1865లో తెలుగు ప్రాంతంలో సేవ మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ జర్మన్ మిషనరీలు ఇక్కడ ఉండలేని పరిస్థితి వచ్చింది. తెచ్చి నాటినవాళ్లు వెళ్లిపోయినా నాటింది మాత్రం బతికింది. పల్లెల్లో తిరిగిన ఉపదేశులు, ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలు, పిల్లల చేత పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు కంఠతా పట్టించిన సండేస్కూలు టీచర్లు... వీళ్లలో చాలామంది పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. మన ఎపఫ్రాలు వాళ్లే.

మత్తయి 13లో రాతినేల మీద పడ్డ విత్తనం గురించి ప్రభువు చెప్పింది చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఆ విత్తనంతో పోల్చిన మనిషి వాక్యాన్ని తోసేసినవాడు కాదు. వెంటనే, సంతోషంగా అంగీకరించినవాడు. మన సభల్లో అలాంటివాడు సాక్ష్యం చెబితే అందరం చప్పట్లు కొడతాం. అతని సంతోషం నిజమే, అయినా లోపల వేరు లేదు. ఉజ్జీవ సభలు వద్దని నేను అనను. వాటిలో ప్రభువును తెలుసుకున్నవాళ్లు మా కుటుంబంలోనే ఉన్నారు. కానీ మూడు రాత్రుల సభ అయ్యాక, మైకులు, షామియానాలు తీసేశాక, సోమవారం తెల్లవారి బైబిలు తెరిచామా అన్నది వేరే ప్రశ్న.

మామిడి తోటలున్న జిల్లా మనది కాబట్టి ఇది మనకు సులువుగానే అర్థం కావాలి. లేత మొక్కకు రోజూ పైపైన కాస్త నీళ్లు చిలకరిస్తూ పోతే వేర్లు ఆ పైతడి దగ్గరే ఆగిపోతాయి. నేల లోతుగా నానేలా పోసి, మధ్యలో కొంత వ్యవధి ఇస్తే తడి కోసం అవి కిందికి దిగుతాయి. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే ఒక వాక్యం, బస్సులో వింటూ పోయే ఒక పాట మంచివే, కానీ అవి పైతడి మాత్రమే. ఒక అధ్యాయం ముందు కూర్చుని, అర్థం కాకపోతే మళ్లీ చదివి, దాని గురించి దేవునితో మాట్లాడే అరగంట వేరు. ఆ అరగంటలో ఒక్కోసారి ఏమీ అనిపించదు. అలాంటి రోజుల్లో కూడా కూర్చోవాలి.

ఇక ఎండ సంగతి. యిర్మీయా 17:8లో చెప్పిన చెట్టుకు కూడా వెట్ట తగులుతుంది, వర్షం లేని సంవత్సరం వస్తుంది. నమ్మినవాడికి కరువు రాదని దేవుడు అక్కడ మాట ఇవ్వలేదు, భయపడదు, కాపు మానదు అన్నాడు. చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి బస్సెక్కిన విశ్వాసులకు ఈ తేడా బాగా తెలుసు. రిపోర్టు చేతికొచ్చేదాకా ఉండే టెన్షన్ విశ్వాసికీ అంతే ఉంటుంది. పెదనాన్న మంచాన ఉన్న రోజుల్లో, చూడ్డానికి వెళ్లిన మమ్మల్నే మా పెద్దమ్మ ఓదార్చి పంపేది. "ఆయనుండాడు గదరా, యాడికీ పోలేదు" అనేది. పెదనాన్న బాగుపడలేదు. ఆ మాట మాత్రం ఆమె తర్వాత కూడా మార్చలేదు. ఆ ధైర్యం ఆసుపత్రిలో పుట్టింది కాదు. ఏళ్ల తరబడి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కొంచెం కొంచెంగా దిగిన వేరు అది.

అందుకే పౌలు ఆ వచనాన్ని కృతజ్ఞతాస్తుతులతో ముగించడం నాకు ముఖ్యంగా తోస్తుంది. మన సంఘాల్లో కోత పండుగ రోజు వడ్ల బస్తా, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ముందు పెడతాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. చేను పండిన ఏడు అది మంచి సందడి. తోతాపురి మామిడి ధర పడిపోయి, కోత కూలి కూడా రాక కాయను చెట్టు మీదే వదిలేసిన ఏడు ఏం తేవాలి? కొందరు సిగ్గుపడి ఆ ఆదివారం గుడికే రారు. హబక్కూకు ప్రవక్త అలాంటి ఏడాది గురించే పాడాడు. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనులోని పైరు పంటకు రాకపోయినా, నేను యెహోవాయందు ఆనందించెదను అన్నాడు. నా మటుకు నాకు, నిండు బస్తా మోసుకొచ్చినవాడి స్తుతి కంటే ఆ ఏడు ఖాళీ చేతులతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నవాడి స్తుతి పెద్దది. ఈసారి పండుగకు మీ సంఘంలో అలాంటి రైతు ఎవరైనా ఉంటే ముందురోజే వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి, మీతోపాటు తీసుకురండి. హబక్కూకు 3:17-18 ఆ రోజు ఆయన చేతనే చదివించమని పాస్టరుగారిని అడగండి.