బండ ఆగింది, గుర్రాలు ఆగలేదు

మొన్న తిరునాళ్లలో మా మామ గిత్తల వంతు రాబోతుండగా వాన దిగింది. అరగంట వానే. కానీ మాది నాగులుప్పలపాడు వైపు, శనగ, పొగాకు పండే నల్లరేగడి. బండ లాగే బాట మీద నాలుగు అడుగులు వేసేసరికి ఒక్కో చెప్పు శేరు బరువైంది. కమిటీవాళ్లు ట్రాక్టరుతో ఇసుక తోలించి చల్లారు. మామ బొటనవేలు మట్టిలోకి గుచ్చి చూసి, జతను వెనక్కి తిప్పేశాడు.

"డెక్క జారిందంటే కాలు పోయిద్ది. ఎవుడిక్కావాలరా ఆ బహుమానం?"

ఆ సాయంత్రం టొరంటో నుంచి మా బావమరిది వుడ్‌బైన్ గుర్రప్పందేల వీడియో పంపాడు. జోరువాన, అయినా గుర్రాలు మామూలుగా పరిగెడుతున్నాయి. "సిమెంటు రోడ్డా ఏంది?" అన్నాడు మామ.

కాదు. 2016 నుంచి అక్కడి మెయిన్ ట్రాక్ టపీటా అనే సింథటిక్ రకం. ఇసుక, సింథటిక్ పీచు కలిపి మైనం పట్టిస్తారు. మైనం పట్టిన ఇసుక మన రేగడిలా నీళ్లు తాగి ఉబ్బదు. వాన సందుల్లోంచి జారి, అడుగునున్న కాలవల్లోకి పోతుంది. బ్రిటన్‌లో వానలకు గడ్డి ట్రాక్‌ల స్థితి 'సాఫ్ట్' (మెత్తన), 'హెవీ' (బాగా బురద) అని దిగజారుతుంటుంది. సింథటిక్ ట్రాక్‌కి మాత్రం చాలా రోజులు 'స్టాండర్డ్' (మామూలు) అనే రాస్తారు.

మామ అంతా విని ఒకటే అడిగాడు: "అడుగున నీళ్లు దిగకపోతేనో?"

సరిగ్గా అదే జరిగింది కాలిఫోర్నియాలో. అక్కడి శాంటా అనిటా గుర్రప్పందేల మైదానంలో 2007లో మట్టి తీసేసి సింథటిక్ వేశారు. 2008 జనవరి వానలకు నీళ్లు కిందికి దిగలేదు. రోజుల తరబడి పందేలు రద్దు. 2010లో మళ్లీ మట్టికే వచ్చారు. పైన ఎంత ఖరీదైన సరుకు పోసినా అడుగు మూసుకుపోతే అంతేగా!

నాకైతే మన దగ్గర వానకన్నా ఎండే భయం. మైనం వేడికి మెత్తబడుతుంది, ట్రాక్ నడత మారిపోతుంది. మనకన్నా చల్లటి చోట్లే పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుందంటే, మన రోహిణి కార్తెలో దాని గతేంటో!

"మైనం సంగతి తర్వాత. ముందు మనోళ్లని బాట పక్కన కాలవ తియ్యమను" అని మామ ఫోన్ నా చేతిలో పెట్టి, గిత్తల డెక్కల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకుతూ కూచున్నాడు.