చెట్టు కొట్టించే ముందు కట్టె ఎవరిదో తేల్చుకోండి

మా ఇంటి ముందు వేపచెట్టు మా నాయన నాటింది. నెల్లూరు వేదాయపాళెంలో ఇల్లు కట్టుకున్న ఏడాదే నాటి, పాదు చేసి, పిలకాయలం మేం తొక్కకుండా చుట్టూ కంప పెట్టి పెంచాడు. 2021 ఎండాకాలంలో దాని కొమ్మలు కరెంటు తీగల దాకా పోయాయి. తీయిద్దామని ఒక మనిషిని పిలిపించాను. "డబ్బులేం వద్దమ్మా, కట్టె మాకిస్తే చాలు" అన్నాడు. ఖర్చు లేకుండా పనైపోతుందని సరేనన్నాను. పనిమీద బయటికి పోయి సాయంత్రం తిరిగొచ్చి చూస్తే చెట్టు స్థానంలో మోడు నిలబడి ఉంది. తీగలకు తగిలేవి సన్నకొమ్మలు, పోయినవి మాత్రం నా నడుమంత లావు కొమ్మలు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆ మనిషిని తప్పుపట్టడం కన్నా నేను ఒప్పుకున్న బేరం ఎలాంటిదో చెప్పడం ముఖ్యం. కూలి కట్టె రూపంలో వస్తుంటే ఎంత లావు కొమ్మ కొడితే అడితిలో అంత డబ్బు వస్తుంది, అలాంటప్పుడు సన్నకొమ్మలు తీసి చెట్టును కాపాడాలని ఎవరు మాత్రం అనుకుంటారు? అందుకే ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే, కూలి డబ్బుగా ఇవ్వండి, కట్టె మీరే ఉంచుకోండి, కావాలంటే తర్వాత విడిగా అమ్ముకోండి. ఏ కొమ్మ తీయాలో ముందే సున్నంతో గుర్తు పెట్టించండి. పని జరిగినంతసేపు అక్కడే ఉండండి.

మోడు చేసిన చెట్టు చావలేదు, గుత్తులు గుత్తులుగా చిగిర్చింది. చూసి ఎంతో సంబరపడ్డాను. కానీ అలా వచ్చిన కొమ్మలు బెరడు కింద నుంచి పుడతాయి, మామూలు కొమ్మలాగా చేవలోంచి రావు, అందుకే అతుకు గట్టిగా ఉండదు. పైగా నరికిన చోట పుచ్చు పడుతుంది. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే ఇక్కడ గాలీవానా మొదలైంది, రెండున్నరేళ్ళ ఆ కొమ్మలు మూడు ఒక్కసారిగా చీలి పక్కింటి రేకుల మీద పడ్డాయి. మనుషులకు ఏమీ కాలేదు. కానీ చెట్టును పొట్టి చేస్తే గాలికి పడదన్న నమ్మకం ఆ రోజుతో నాకు పోయింది.

తర్వాత ఏడాది ఉలవపాడు వైపు మామిడితోటల్లో కొమ్మలు తీసే పెద్దాయన ఒకరు ఉన్నారని తెలిసి కబురు పెట్టాను. వచ్చీ రాగానే కత్తి తీయలేదు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మొదలు దగ్గర కూర్చుని కత్తి మడమతో తట్టి డొల్ల శబ్దం వస్తుందేమో విన్నాడు, పుట్టగొడుగులు లేచాయా, మట్టి పగిలిందా అని చూశాడు. తర్వాత "ఈ కాలవ ఎప్పుడు తవ్వారమ్మా?" అని అడిగాడు. రోడ్డు పక్క మురుగుకాలవ తవ్వినప్పుడు ఆ వైపు వేర్లు తెగాయట. పట్టి ఉంచే వేర్లు అటు లేకపోతే చెట్టు ఇటు, అంటే ఇంటి మీదకు వాలుతుంది. అందుకని ఇంటి వైపు బరువు తగ్గించాలన్నాడు. నాకైతే ఆ కాలవ సంగతే గుర్తులేదు.

ఆయన కోసిన తీరు దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నాను. పెద్ద కొమ్మను ఒకే వేటుకు తీయలేదు. మొదలుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి కొంచెం రంపం పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోశాడు. అలా చేస్తే కొమ్మ విరిగినా మాను బెరడు చీలదు. మిగిలిన ముక్కను చివర్లో తీశాడు, అదీ మానుకు ఆనించి కాదు, కొమ్మ పుట్టే చోట ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, ఆ ఉబ్బు అలాగే ఉంచి దాని పక్కన. గాయం మానేది అక్కడినుంచే. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, తీగల వైపు పోయేవి, అంతే. మొత్తం ఆకులో నాలుగో వంతు కంటే ఎక్కువ ఒకేసారి తీయకూడదన్నాడు. మామిడికి కాపు అయిపోయాక కొమ్మలు తీసినప్పుడు కోతలకు బోర్డో పేస్టు రాస్తారట: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, ప్లాస్టిక్ బకెట్లోనే కలపాలి, ఇనుప దాంట్లో వద్దు.

తీగలకు తగిలే కొమ్మను మాత్రం లైన్‌మాన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో పని చేయడానికి అనుమతి) తీసుకుని కరెంటు ఆపేదాకా ఆయన ముట్టుకోలేదు. దీనికి కరెంటోళ్ళ 1912 నంబరుకు ఫోన్ చేస్తే చాలు, కాబట్టి ఎవరైనా ఏం కాదులే అని ఎక్కబోతే ఆపండి. నడుముకు మోకు లేకుండా, తడి మాను మీద, తాగి వచ్చి ఎక్కేవాళ్ళను అసలు ఎక్కనివ్వొద్దు. పడితే పోయేది ఒక ఇంటి ఆధారం. కూలి మొత్తం 2,800 రూపాయలు అయింది, నేను బేరమాడలేదు.

చెట్టును మొత్తంగా కొట్టేయాలనుకుంటే మాత్రం అది మన స్థలంలో ఉన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. ఎండింది కదా అని తొందరపడకండి. 2021 చివర్లో వేపచెట్ల కొసలు ఎండినప్పుడు చచ్చిపోయిందని కొట్టేసినవాళ్ళున్నారు, అది కొసలను ఎండబెట్టే శిలీంధ్రం, తర్వాత చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. గోటితో చిన్న కొమ్మ బెరడు గీరి చూడండి, కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్ళ ముందు చూసి బాధపడుతుంటాను. మాను చుట్టూ సిమెంటు గట్టిగా బిగించేస్తారు. వేరుకు గాలీ నీరూ కావాలి, కనీసం చుట్టూ పాదు చేసేంత మట్టి వదలండి. నీళ్ళు కూడా మాను మొదలు దగ్గర కాదు, నీడ అంచు పడే చోట పోయాలి, పీల్చుకునే సన్న వేర్లు అక్కడ ఉంటాయి.

మన వైపు పెద్ద వానలు, తుఫాన్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి ఎండుకొమ్మల పని సెప్టెంబర్ లోపే పెట్టుకోవాలి. ఎక్కే ముందు కాకిగూళ్ళున్నాయేమో చూడమనండి. పోయినసారి ఒక గూట్లో పిల్లలుంటే పెద్దాయన ఆ కొమ్మను వదిలేసి, "దీనికి మళ్ళీ వస్తాలే అమ్మా" అని దిగిపోయాడు. చెప్పినట్టే నెల తర్వాత వచ్చి, ఆ ఒక్క కొమ్మా తీసి వెళ్ళాడు.