హెర్నియాకు సున్నా, మచ్చకు పది

ఫిరంగి దళంలో 155 ఎంఎం గుండు ఒక్కోటి 45 కిలోల దాకా ఉంటుంది. 2021లో అలాంటిదొకటి ఎత్తుతుంటే కుడి గజ్జల్లో ఏదో చిట్లినట్టయింది. సాయంత్రం స్నానానికి వెళ్తే అక్కడ ఉసిరికాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికొచ్చేది.

నేను అమెరికా సైన్యంలో చేరింది 2015లో, అక్కడ ఎం.ఎస్. చదువుతుండగా. వీసా మీద ఉన్నవాళ్ళను భాషలొస్తే చేర్చుకునే మావ్నీ పథకం అప్పుడు నడుస్తోంది. మరుసటి ఏడాది ఆపేశారు. హైదరాబాద్‌లో పెరిగిన పుణ్యమా అని వచ్చిన హిందీయే నాకు పౌరసత్వం తెచ్చిపెట్టింది.

అది హెర్నియా, అంటే పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపలిది బయటికి ఉబ్బడం. కోసి, లోపల మెష్ అనే సన్నటి వల పెట్టి కుట్టారు. మొదటి వారం దగ్గు, తుమ్ము, నవ్వు, ఏదొచ్చినా దిండు పొట్టకు అదిమి పట్టుకోవాల్సిందే. అమ్మ వీడియో కాల్‌లో "నవ్వకురా, కుట్లు ఊడతాయి" అంటూనే నవ్వించేది. బరువులెత్తొద్దని 'ప్రొఫైల్', అంటే ఏ పనులు చేయకూడదో చెప్పే సైన్యం వైద్య పత్రం, రాసిచ్చారు. క్రమంగా పరుగూ మొదలుపెట్టాను. హెర్నియా మళ్ళీ రాలేదు. కానీ మచ్చ ఒక కొస దగ్గర, గోరంత మేర, కారు సీటుబెల్టు ఆనినా సూది గుచ్చినట్టుండేది. మిగతా గీతంతా మొద్దు. గిల్లినా తెలియదు.

2024 వేసవిలో సర్వీసు ముగిశాక మాజీ సైనికుల శాఖకు, అదే వీఏకి, సర్వీసులో వచ్చిన దెబ్బకు నెలనెలా ఇచ్చే పరిహారం కోసం క్లెయిమ్ పెట్టాను. ఏడాదిలోపు పెడితే దిగిపోయిన మర్నాడే అర్హత మొదలైన తేదీగా లెక్క కడతారు. పరీక్ష చేసినావిడ దగ్గమన్నారు, స్కేలుతో మచ్చ కొలిచారు. నొప్పెడుతుందని చెప్పాను. రిపోర్టులో మాత్రం నొప్పి లేదని రాశారు. ఇబ్బంది ఎంతో శాతాల్లో తేల్చే రేటింగ్‌లో హెర్నియాకు సున్నా, మచ్చకు సున్నా. ఒళ్ళు మండిపోయింది.

క్లెయిముల్లో ఉచితంగా సాయం చేసే సర్వీస్ ఆఫీసర్ ఒకాయన ఉన్నారు, ఆయనా పాత సైనికుడే. కాగితం చూసి, హెర్నియా సున్నా గురించి పోట్లాడొద్దన్నారు. 2024 మే 19 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లోనూ, బాగుచేసేశాక ఇబ్బంది పెట్టని హెర్నియాకు సున్నాయే. ఎంత బాధపడ్డామన్నది వాళ్ళ లెక్కలోకి రాదు, ఇప్పుడేం మిగిలిందన్నదే లెక్క. మచ్చ సంగతి వేరు. నొప్పెట్టేవో, చర్మం ఊరికే లేచిపోయేవో ఒకటి రెండుంటే 10 శాతం, మూడు నాలుగైతే 20, అయిదు దాటినా అయిదున్నా 30. పొడవుతో పనిలేదు. నా వేలెడు గీతకు ఆ దారే ఉంది.

మా డాక్టర్ ఈసారి మచ్చను అంగుళం అంగుళం నొక్కి చూసి, ఎక్కడ ఉలిక్కిపడ్డానో చార్టులో రాశారు. సీటుబెల్టు కింద మడిచిన తువ్వాలు పెట్టుకుంటానని మా ఆవిడ సాక్ష్యం రాసింది. ఆ రెండూ జతచేసి, మళ్ళీ చూడమని అడిగే సప్లిమెంటల్ క్లెయిమ్ వేశాను. కొత్త ఆధారం లేకుండా దాన్ని తీసుకోరు. మొదటి నిర్ణయం వచ్చిన ఏడాదిలోపే వేశాను కాబట్టి అర్హత మొదలైన ఆ పాత తేదీ పోలేదు.

10 శాతం వచ్చింది. 2025 రేటు ప్రకారం నెలకు 175 డాలర్ల చిల్లర, పన్ను లేదు. "ఇంత కోతకు అంతేనా?" అంది అమ్మ. హెర్నియాది సున్నాయే అయినా అది సర్వీసులో వచ్చిందని ఒప్పుకున్నట్టే. రేపు తిరగబెడితే వీఏలోనే వైద్యం. గుండు ఎత్తినప్పుడే వచ్చిందని మళ్ళీ రుజువు చేసుకోనక్కర్లేదు, రేటింగ్ పెంచమని అడిగితే చాలు.