స్వాల్‌బార్డ్‌లో పరిగెత్తని జింకలు

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌కు వెళ్లిన ప్రతి టూరిస్టూ వెతికేది ధ్రువపు ఎలుగునే. మా బృందంలోనూ బైనాక్యులర్లు కింద పెట్టినవాళ్లు లేరు. నాకు నచ్చింది మాత్రం రెయిన్‌డీర్ అనే మంచు ప్రాంతపు జింక.

ఆగస్టులో ఓస్లో నుంచి సుమారు మూడు గంటలు ప్రయాణించి లాంగ్‌ఇయర్‌బీన్‌లో దిగాం. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఊరది. ఇళ్ల మధ్యే మేస్తున్నాయి ఈ జింకలు. పొట్టి కాళ్లు, గుండ్రటి ఒళ్లు, కురచ మూతి. మనల్ని చూసినా ఓసారి తలెత్తి, మళ్లీ మేతలో పడిపోతాయి.

"ఇంత బద్ధకం జింకలేంటండీ!" అంది మా ఆవిడ.

ఊరు దాటితే ఎలుగుల భయం. అందుకని మా గైడ్ భుజాన తుపాకీ తగిలించుకుని అడ్వెంట్‌డాలెన్ లోయకు తీసుకెళ్లాడు. బద్ధకం సంగతి అడిగితే నవ్వాడు. ఇక్కడ తోడేళ్లు లేవు, ఎలుగు కూడా వీటి జోలికొచ్చేది అరుదు. పరుగెందుకు? వేసవంతా తిని కొవ్వు పట్టించుకోవాలి, దాన్ని చలికాలమంతా పొదుపుగా వాడుకోవాలి. మనం దగ్గరకెళ్లి బెదరగొడితే ఆ పొదుపుకే గండి. అందుకే దూరం నుంచే ఫొటోలు తీయమన్నాడు.

అక్టోబరు చివర్లో అస్తమించే సూర్యుడు మళ్లీ కనిపించేది ఫిబ్రవరిలోనే. ఆ చీకటి మొదలయ్యేసరికే వీటికి దట్టమైన బొచ్చు వచ్చేస్తుంది. పీల్చిన చల్లగాలి ఊపిరితిత్తులకు చేరేలోపే ముక్కులో వేడెక్కుతుంది. బయటకెళ్లే ఊపిరిలోని వేడినీ ముక్కే చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. రెయిన్‌డీర్ కంటి వెనక పొర వేసవిలో బంగారు రంగులో ఉండి, చలికాలం చీకట్లో నీలంగా మారుతుందట. ఇది మాత్రం నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

చలిని తట్టుకునే ఈ జంతువుకు అసలు టెన్షన్ వానతోనే. నడి చలికాలంలో వాన పడితే నేల మీద మంచుగడ్డ కట్టేస్తుంది, మేత దాని కింద చిక్కుకుపోతుంది. అలాంటప్పుడు కొన్ని సముద్రపు ఒడ్డుకొచ్చి నాచు తింటాయి. 1994లో పుట్టినవి పెద్దయ్యాక సగటున 55 కిలోలుంటే, 2010లో పుట్టినవి 48 కిలోలేనట. వేడెక్కిన వేసవుల్లో మేత పెరిగి దూడలు ఎక్కువయ్యాయి, చలికాలానికి తినే నోళ్లూ పెరిగాయి.

1925లో వేట నిషేధించకపోతే ఈపాటికి ఇవి మిగిలేవో లేదో. ఇప్పుడు 20 వేల పైచిలుకే ఉన్నాయి. ఎలుగు కనిపించలేదని మావాళ్లు తిరుగు విమానంలో కూడా గొణుగుతూనే ఉన్నారు. నా ఫోన్ నిండా రెయిన్‌డీర్ ఫొటోలే.